విజ్ఞాన సర్వస్వంలో మన ఆటగాళ్లు: ఎవరి పేరు ఎక్కాలి?

మన ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో పిల్లలకు ఒక క్రీడాకారుడి గురించి రాసుకురమ్మని ప్రాజెక్టు పని ఇవ్వడం మామూలే. పిల్లలు ముందుగా ఫోనులోనో, బడి కంప్యూటరులోనో వికీపీడియా తెరుస్తారు. అందులో పేజీ ఉన్న ఆటగాడి గురించి నాలుగు పేజీలు రాసుకొస్తారు. పేజీ లేని ఆటగాడిని వదిలేస్తారు. పక్క గూడెంలో రాష్ట్ర జట్టుకు ఆడినవాళ్లు ఉన్నా వాళ్ల పేరు ప్రాజెక్టులోకి రాదు. తెరమీద కనిపించనివాళ్లు ఆడనేలేదని పిల్లల మనసులో నాటుకుంటుంది.

అందుకని ఒక ఆటగాడికి అంతర్జాల విజ్ఞాన సర్వస్వంలో పేజీ ఉండాలా వద్దా అన్నది ఎవరు, ఏ లెక్కన తేలుస్తారో మనం తెలుసుకోవాలి. ఇది కంప్యూటరు తెలిసినవాళ్ల గొడవ కాదు, చరిత్ర రాసే పని. రాజుల కాలంలో శాసనాలు, ఇంగ్లీషువాళ్ల కాలంలో గెజిటీర్లు ఎవరి పేరు ఎక్కించాలో నిర్ణయించాయి. ఈ రోజుల్లో ఆ పని చాలావరకు వికీపీడియా చేస్తోంది. శాసనం చెక్కేటప్పుడు మనల్ని ఎవరూ అడగలేదు. ఇక్కడ మాత్రం మనం కూడా రాయవచ్చు, వాదించవచ్చు. దానికి ముందు నియమం తెలిసి ఉండాలి.

నియమం ఏం చెబుతుంది?

ఇంగ్లీషు వికీపీడియా 2001 జనవరిలో మొదలైంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. జీతానికి కూర్చున్న సంపాదకుడు లేడు. రాసేవాళ్లే చర్చించుకుని నియమాలు పెట్టుకున్నారు. తెలుగు వికీపీడియాలో ఆ చర్చలు జరిగే చోటికి 'రచ్చబండ' అని పేరు పెట్టుకున్నారు. చిన్న వ్యాసాన్ని 'మొలక' అంటారు. ఒక విషయానికి పేజీ ఉండవచ్చా లేదా అని చూసే కొలతను 'విషయ ప్రాముఖ్యత' అంటారు.

ఈ మాట విన్నవెంటనే మనం పొరపడే ప్రమాదం ఉంది. విషయ ప్రాముఖ్యత అంటే మనిషి గొప్పతనం కాదు. ఆ మనిషి గురించి, ఆ మనిషితో సంబంధం లేనివాళ్లు, నమ్మదగిన చోట, కాస్త వివరంగా రాశారా అన్నదే ప్రశ్న. ఇందులో మూడు షరతులు ఉన్నాయి. మొదటిది వివరం. ఫలితాల పట్టికలో పేరుంటే చాలదు, ఆ మనిషి గురించి కొన్ని పేరాలైనా ఉండాలి. రెండోది స్వతంత్రత. ఆటగాడు తానే చెప్పుకున్నది, అతని క్లబ్బు వేసిన కరపత్రం, అతన్ని పంపిన సంస్థ ప్రకటన లెక్కలోకి రావు. మూడోది నమ్మకం. రాసిన పత్రికకు, పుస్తకానికి సరిచూసుకునే పద్ధతి, తప్పు రాస్తే బాధ్యత ఉండాలి.

ఈ నియమం ఎందుకు పెట్టుకున్నారో కూడా న్యాయంగా చూడాలి. ఎవరైనా రాయగలిగే చోట ఎవరైనా అబద్ధం రాయగలరు. డబ్బున్నవాళ్లు తమ పిల్లల పేరుమీద పేజీలు పెట్టించుకోగలరు. ఒకరిమీద పగబట్టినవాళ్లు బురద చల్లగలరు. వేరేచోట అచ్చయిన ఆధారం ఉంటేనే చదివేవాడు ఏది నిజమో తనకు తానుగా తేల్చుకోగలడు. కనుక నియమం మన మీద కక్షతో పుట్టింది కాదు. అయితే కక్ష లేని నియమం కూడా అందరిమీద ఒకేలా పనిచేయదు. పేజీ లెక్క పత్రికల లెక్కమీద ఆధారపడినప్పుడు, పత్రికలు ఎవరిని చూశాయి, ఎవరిని చూడలేదు అన్న తేడా కూడా అందులోకి వచ్చేస్తుంది.

ఒక్క మ్యాచ్ చేసిన తేడా

దీనికి ఆస్ట్రేలియా ఆదివాసుల చరిత్రలో మంచి ఉదాహరణ ఉంది. 1868లో ఆస్ట్రేలియా నుంచి ఇంగ్లండుకు వెళ్లిన మొదటి క్రికెట్ జట్టు తెల్లవాళ్లది కాదు. విక్టోరియా ప్రాంతపు పశువుల క్షేత్రాల్లో పనిచేసే ఆదివాసీ యువకులది. మే నుంచి అక్టోబరు దాకా వాళ్లు 47 మ్యాచ్‌లు ఆడారు. 14 గెలిచారు, 14 ఓడారు, 19 డ్రా చేసుకున్నారు. పలకడానికి కష్టమని వాళ్ల అసలు పేర్లు పక్కనపెట్టి యజమానులు పెట్టిన ముద్దుపేర్లతోనే స్కోరు పుస్తకాల్లో రాశారు. 'కింగ్ కోల్' అని రాసిన ఒక ఆటగాడు జబ్బుపడి ఆ జూన్‌లో లండన్‌లోనే చనిపోయాడు.

ఆ జట్టులో మేటి ఆటగాడు ఉనారిమిన్. రికార్డుల్లో అతని పేరు జానీ ముల్లా. ఆ పర్యటనలో 1,698 పరుగులు చేసి 245 వికెట్లు తీశాడు. ఇంత ఆట ఆడినా ఆ మ్యాచ్‌లు 'ఫస్ట్ క్లాస్' కింద లెక్కకు రాలేదు. ముల్లా తన జీవితంలో ఆడిన ఫస్ట్ క్లాస్ మ్యాచ్ ఒక్కటే. 1879లో విక్టోరియా తరఫున లార్డ్ హారిస్ తెచ్చిన ఇంగ్లీషు జట్టుమీద ఆడాడు. రెండో ఇన్నింగ్స్‌లో 36 పరుగులతో జట్టులో అందరికన్నా ఎక్కువ చేశాడు.

ఇంగ్లీషు వికీపీడియాలో చాలా ఏళ్లు క్రికెటర్లకు ఒక సులువు కొలత ఉండేది. ఒక్క ఫస్ట్ క్లాస్ మ్యాచ్ ఆడితే చాలు, పేజీకి అర్హత ఉందని అనుకునేవారు. ఆ కొలత ప్రకారం చూస్తే ముల్లాకు అర్హత తెచ్చింది 1868 పర్యటన కాదు, 1879లో ఆడిన ఆ ఒక్క మ్యాచ్. అతనితోపాటు సముద్రం దాటి అన్ని నెలలు ఆడిన తోటివాళ్లలో చాలామందికి ఆ ఒక్క మ్యాచ్ లేదు. మరోపక్క ఏదో ఒక కౌంటీకి ఒకసారి ఆడి సున్నాకు వెనుదిరిగినవాడికి పేజీ దక్కేది. ఎవరూ కావాలని చేసిన అన్యాయం కాదది. కానీ ఏ మ్యాచ్ 'అసలు' మ్యాచ్ అని తేల్చినవాళ్లు ఆనాడు ఒక వైపువాళ్లే. వాళ్లు గీసిన గీతే వందేళ్ల తరవాత కంప్యూటరు తెరమీద మళ్లీ కనిపించింది.

ఇప్పుడు ముల్లా గురించి పుస్తకాలు వచ్చాయి. 2020 నుంచి మెల్‌బోర్న్‌లో బాక్సింగ్ డే టెస్టు మేటి ఆటగాడికి అతని పేరుమీద పతకం ఇస్తున్నారు. ఆ జట్టు మొత్తంమీద పరిశోధన జరిగింది. అంటే, సులువు కొలత చేయలేని పనిని చరిత్రకారులు రాసిన పుస్తకాలు చేశాయి. ఇది మనం గుర్తుపెట్టుకోవలసిన మొదటి పాఠం.

ఒలింపిక్స్ కొలత మారిన తీరు

ఒలింపిక్స్ విషయంలోనూ ఇలాంటి సులువు కొలతే ఉండేది. ఒలింపిక్స్‌లో పాల్గొంటే చాలు, పేజీ పెట్టవచ్చు. దాంతో పాత పట్టికలు ముందుపెట్టుకుని వేలకు వేలు మొలకలు పుట్టించారు. ఫలానావాడు ఫలానా దేశస్థుడు, ఫలానా ఏట ఫలానా పోటీలో పాల్గొన్నాడు అనే ఒక్క వాక్యమే ఉండేది. పుట్టిన ఊరు లేదు, బతుకు లేదు, చనిపోయిన ఏడు లేదు. ఇవి విజ్ఞాన సర్వస్వపు వ్యాసాలా, పట్టికకు నకళ్లా అని గొడవ మొదలైంది. 2021, 2022లలో జరిగిన పెద్ద చర్చల తరవాత నియమం మార్చారు. ఒలింపిక్స్‌లో పతకం వస్తే ఆధారాలు దొరుకుతాయని అనుకోవచ్చు. పాల్గొన్నంత మాత్రాన చాలదు. ఏ ఆటగాడి పేజీలోనైనా అతని గురించి వివరంగా రాసిన ఆధారం కనీసం ఒక్కటైనా చూపాలి.

ఈ మార్పును మన ఆటగాళ్లకు పెట్టి చూద్దాం. సిమ్‌డేగా ప్రాంతపు ఒరావ్ బిడ్డ మైకేల్ కిండో 1972 మ్యూనిక్‌లో కాంస్యం గెలిచిన జట్టులో, 1975 ప్రపంచ కప్పు గెలిచిన జట్టులో ఆడాడు. సిల్వానస్ డుంగ్‌డుంగ్ 1980 మాస్కోలో స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నాడు. వీళ్లిద్దరూ పతకం గీత దాటినవాళ్లే. సుందర్‌గఢ్ జిల్లా దిలీప్ టిర్కీకి ఒలింపిక్ పతకం లేదు. మూడు ఒలింపిక్స్ ఆడాడు, దేశానికి 400కు పైగా మ్యాచ్‌లు ఆడాడు, కెప్టెన్‌గా ఉన్నాడు. ఉదయపూర్ అడవుల నుంచి వచ్చిన విలుకాడు లింబారామ్ మూడు ఒలింపిక్స్‌కు వెళ్లాడు, పతకం రాలేదు. కానీ 1992లో బీజింగ్‌లో జరిగిన ఆసియా పోటీల్లో 30 మీటర్ల విభాగంలో 360కి 358 కొట్టి ప్రపంచ రికార్డును సమం చేశాడు. నాసిక్ జిల్లా సావర్‌పాడ గూడెం నుంచి వచ్చిన కవితా రావుత్ 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 10,000 మీటర్ల పరుగులో కాంస్యం, అదే ఏడు ఆసియా క్రీడల్లో రజతం గెలిచింది. ఈ ముగ్గురూ పతకం గీతతో కాకుండా పత్రికలు రాసిన వివరంతో అర్హులయ్యారు. కనుక కొత్త నియమం మనకు తలుపు మూసిందనడం సరికాదు. తలుపు ఉంది, దాని తాళంచెవి రాత.

రాత ఎంత తేడా చేస్తుందో చూడటానికి మరో ఉదాహరణ. మహిళల హాకీ మొదటిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చింది 1980 మాస్కోలో. మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో కూడా మన అమ్మాయిలది నాలుగో స్థానమే. టోక్యో జట్టులో ఝార్ఖండ్ నుంచి నిక్కీ ప్రధాన్, సలీమా టేటే ఉన్నారు. ఆ రోజుల్లో వాళ్ల ఇళ్లు, ఊళ్లు, కర్రలతో ఆడుకున్న మైదానాలు దేశమంతా టీవీల్లో, పత్రికల్లో చూసింది. స్థానం ఒక్కటే. 1980 అమ్మాయిల గురించి దొరికే రాత మాత్రం దీనితో పోలిస్తే చాలా తక్కువ. మారింది ఆట కాదు, చూసే కన్ను.

ఇంకో బాధాకరమైన సంగతి కూడా చెప్పుకోవాలి. మన ఆటగాళ్ల గురించి పత్రికలు రాసినప్పుడు ఆటకన్నా లేమి గురించే ఎక్కువ రాశాయి. 1978 ప్రపంచ కప్పు ఆడిన గోపాల్ భేంగ్రా ఆ తరవాత రాళ్లు కొట్టి బతికాడు. ఆ వార్త చూసి సునీల్ గవాస్కర్ సాయం చేశాడు. చాలామందికి భేంగ్రా పేరు ఆ రాళ్ల వల్లే తెలిసింది, హాకీ వల్ల కాదు. ఆధారం దొరికింది నిజమే. కానీ అలాంటి ఆధారాలమీద కట్టిన పేజీలో మనిషి ఆటగాడిగా కాక అభాగ్యుడిగా నిలబడతాడు. పేజీ ఉండటం ఒక్కటే కాదు, ఆ పేజీలో ఏముందన్నది కూడా మన పట్టింపు కావాలి.

రాసిన దాన్ని కూడా తూచాలి

ఆధారాలు పుష్కలంగా ఉన్నవాళ్ల విషయంలో కూడా పని ఉంటుంది. జైపాల్ సింగ్ ముండా కథ తీసుకుందాం. రాంచీ దగ్గరి టక్రా గ్రామంలో 1903లో పుట్టిన ముండా బిడ్డ, ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు, 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టుకు కెప్టెన్ అయ్యాడు. ఆ జట్టు అయిదు మ్యాచ్‌ల్లో 29 గోల్స్ చేసి ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా స్వర్ణం తెచ్చింది. అయితే ఫైనల్‌లో జైపాల్ సింగ్ ఆడలేదు. అంతకుముందే జట్టును వదిలి వెళ్లాడు. ఎందుకు వెళ్లాడన్నదానికి ఒక్కొక్కరు ఒక్కో కారణం రాశారు.

ఆయన్ని అభిమానించే మనం ఈ సంగతి దాచిపెట్టి 'ఫైనల్ గెలిపించాడు' అని రాస్తే అది చరిత్ర కాదు. గిట్టనివాళ్లు ఒక కారణాన్నే పట్టుకుని రాస్తే అదీ చరిత్ర కాదు. ఆడిన మ్యాచ్‌లు, ఆడని మ్యాచ్, ఎవరు ఏ కారణం చెప్పారు అన్నవి వేరువేరుగా రాయడమే పద్ధతి. ఆయన తన జీవితాన్ని తానే రాసుకున్నాడు. 'లో బిర్ సెంద్రా' పేరుతో అది 2004లో పుస్తకంగా వచ్చింది. ఆయన మనసు తెలుసుకోవడానికి ఆ పుస్తకం ఎంతో విలువైనది. కానీ విషయ ప్రాముఖ్యత తేల్చేటప్పుడు సొంత కథనం లెక్కలోకి రాదు. రాజ్యాంగ సభ చర్చల్లో అచ్చయిన ఆయన మాటలు, ఆ కాలపు క్రీడా వార్తలు, తరవాతివాళ్ల పరిశోధనలు అక్కడ పనికొస్తాయి.

రికార్డు పుస్తకం అన్నది చివరిమాట కాదని అమెరికా ఆదివాసీ జిమ్ థోర్ప్ కథ చెబుతుంది. సాక్ అండ్ ఫాక్స్ తెగకు చెందిన థోర్ప్ 1912 స్టాక్‌హోమ్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండూ గెలిచాడు. అంతకుముందు కొద్ది డబ్బుకు బేస్‌బాల్ ఆడాడని 1913లో పతకాలు లాక్కున్నారు. ఫిర్యాదు గడువు దాటిపోయిందన్న మాటను ఆనాడు పట్టించుకోలేదు. 1982లో మళ్లీ విజేతగా ఒప్పుకున్నారు, కానీ మరొకరితో కలిపి. 2022లో మాత్రమే ఒక్కడే విజేతగా రాశారు. థోర్ప్ చనిపోయింది 1953లో. అచ్చులో ఉన్నది కదా అని నమ్మి ఊరుకుంటే 1913 నాటి మాటే నిలిచిపోయేది. అతని కుటుంబం, తెగ, రచయితలు ఆధారాలతో అడుగుతూనే ఉన్నారు కాబట్టి రాత మారింది.

పేజీ తిరస్కరించారంటే మనిషిని తిరస్కరించినట్టు కాదన్నదీ గుర్తుంచుకోవాలి. 2018 మే నెలలో డోనా స్ట్రిక్‌లాండ్ అనే శాస్త్రవేత్త గురించి ఎవరో రాసిన చిత్తుప్రతిని, చూపిన ఆధారాలు చాలవని ఇంగ్లీషు వికీపీడియాలో వెనక్కి పంపారు. ఆ అక్టోబరులోనే ఆమెకు భౌతిక శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. అంతటి ఆమెకే అలా జరిగింది. కనుక మన పిల్లలు రాసిన పేజీ వెనక్కి వస్తే అవమానపడి వదిలేయకూడదు. ఏ ఆధారం లేదన్నారో చూసుకుని, దొరికాక మళ్లీ వెళ్లాలి.

నోటి మాట మాటేమిటి?

మనది నోటి చరిత్ర. గోండుల వంశ కథలు పర్ధాన్ల కీక్రి తీగమీద ఇన్ని తరాలు నడిచాయి. జోడేఘాట్‌లో 1940లో నేలకొరిగిన కొమురం భీమ్‌ను మనవాళ్లు ఆశ్వయుజ పౌర్ణమి నాడు తలచుకుంటారు. ఆ తిథిని ఏ కాగితం చూసి పెట్టుకోలేదు, మనసులో రాసుకున్నారు. అలాంటప్పుడు నోటి మాటకు విలువ లేదన్న నియమాన్ని మనం ఎలా ఒప్పుకోవాలి?

ఈ ప్రశ్న మనమొక్కరమే అడగలేదు. 2011లో మన దేశంలో, దక్షిణాఫ్రికాలో కొందరు వికీపీడియా రచయితలు ఒక ప్రయోగం చేశారు. ఊళ్లలో ఆడే ఆటలు, చేసే పనుల గురించి తెలిసినవాళ్లతో మాట్లాడి, ఆ మాటలను రికార్డు చేసి, మలయాళం, హిందీ, సెపెడి భాషల వ్యాసాలకు వాటినే ఆధారంగా చూపారు. అచ్చు పుస్తకాలు తక్కువగా ఉన్న జాతులకు ఇది దారి అని వాదించారు. ఆ దారిని వికీపీడియా సాధారణ నియమంగా తీసుకోలేదు. రికార్డు చేసినవాడే వ్యాసం రాస్తే సరిచూసేదెవరు అన్నది ఎదుటివాళ్ల అభ్యంతరం.

మనం ఇక్కడ రెండు మాటలూ వినాలి. నోటి మాట అబద్ధం కాదు. కానీ నోటి మాటను సరిచూసే పద్ధతి మన పెద్దలకూ ఉంది. పర్ధాన్ తప్పు చెబితే కూర్చున్న పెద్దలు అక్కడే దిద్దుతారు. ఒకరు చెప్పింది ఒకరు ఒప్పుకోవాలి. ఆ పద్ధతినే అచ్చులోకి తేవాలి. ఒక పాత ఆటగాడి గురించి అతనితో ఆడినవాళ్లను, ఎదురు జట్టువాళ్లను, పాఠం చెప్పిన సారును విడివిడిగా అడిగి, తేడాలు తేల్చి, పుస్తకంగానో పత్రికలో వ్యాసంగానో వేస్తే అప్పుడది ఎవరైనా చూపగల ఆధారం అవుతుంది. సంతాలీలు తమ ఓల్ చికీ లిపిలో 2018లో సొంత వికీపీడియా తెచ్చుకున్నారు. భాష ఉన్నప్పుడు లిపికి, లిపి ఉన్నప్పుడు పుస్తకానికి దారి దొరుకుతుందని వాళ్లు చూపారు.

మనకు నియమం సడలించాలా?

మనవాళ్లలో కొందరు అంటారు: అందరికీ ఒకే కొలత పెడితే మనం ఎప్పటికీ ఎక్కలేం, మనకు కొలత తగ్గించాలి అని. ఆ బాధ అర్థమవుతుంది. అయినా మనం ఆ వైపు వెళ్లకూడదని మా అభిప్రాయం. ఆధారం లేకుండా ఎక్కిన పేరును ఎవరైనా ఎప్పుడైనా దించగలరు. 'మొట్టమొదటి ఆదివాసీ' అని ఎవరికి పడితే వాళ్లకు తగిలించే అలవాటు పత్రికల్లో ఇప్పటికే ఉంది. ఒకరిని మొదటివారని రాస్తే అంతకుముందు ఆడినవాళ్లను చెరిపేసినట్టే. 1948 లండన్ ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్ నాగా కొండల బిడ్డ తాలిమెరెన్ ఆవో అని మనలో ఎంతమందికి గుర్తు?

మనం అడగవలసింది కొలత తగ్గించమని కాదు, అదే కొలతను సరిగా వాడమని. ఇంగ్లీషు పత్రికల్లో వెతికి దొరకలేదని పేజీ తొలగించమంటే, తెలుగు, ఒడియా, హిందీ పత్రికల జిల్లా సంచికలు చూశారా అని అడగాలి. అంతర్జాలంలో లేని పాత పత్రిక కూడా ఆధారమే. గ్రంథాలయంలో కట్టకట్టి ఉన్న సంచిక పేరు, తేదీ, పేజీ సంఖ్య ఇస్తే చాలు. ఆటగాడి పేరు ఎన్ని రకాలుగా రాస్తారో చూసి వెతికారా అని కూడా అడగాలి. ఇంటిపేరు ముందు రాస్తే ఒకలా, వెనక రాస్తే ఒకలా, ఇంగ్లీషు అక్షరాల్లో మరోలా మారిపోయే పేర్లు మనవి.

తేల్చే పద్ధతి

ఇక ఉపాధ్యాయులుగా, యువకులుగా మనం ఎలా తేల్చాలి? నాలుగు రకాల ఆటగాళ్లను ముందు పెట్టుకుందాం.

ఒకటి, మలావత్ పూర్ణ లాంటివాళ్లు. నిజామాబాద్ జిల్లా పాకాల తండా బిడ్డ, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ 2014 మే 25న 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఎన్నో పత్రికలు రాశాయి, 2017లో సినిమా వచ్చింది, 2022లో ఏడు ఖండాల శిఖరాలు పూర్తి చేసింది. ఇక్కడ చర్చ అక్కర్లేదు. మన పని ఆ పేజీని సరిగా, తాజాగా ఉంచడం.

రెండు, జాతీయ పోటీల్లో పతకం గెలిచి, రెండు మూడు పత్రికల్లో వివరమైన వ్యాసాలు వచ్చినవాళ్లు. ఇది చర్చకు నిలిచే కేసు. ఆ వ్యాసాలు ఒకే ప్రకటనకు నకళ్లా, విలేకరి వెళ్లి రాసినవా అని చూడాలి. నిజంగా వేరువేరు అయితే రాయవచ్చు.

మూడు, రాష్ట్రస్థాయిలో ఆడుతున్న మన బడి పిల్లలు. వీళ్లకు ఇప్పుడే పేజీ పెట్టకూడదు. ఆధారం చాలదన్నది ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం ఉంది. పద్నాలుగేళ్ల పిల్ల పుట్టిన తేదీ, ఊరు, ఇంటి పరిస్థితి లోకమంతా చూసేచోట పెట్టడం ఆమెకు మేలు కాదు. రేపు ఓడిపోయినా, ఆట మానేసినా ఆ పేజీ ఆమె వెంట పడుతుంది. బడి గోడమీద, బడి వార్షిక సంచికలో ఆమె పేరు ఉండాలి. అక్కడ ఉండటమే ఆమె హక్కు.

నాలుగు, ముప్ఫై, నలభై ఏళ్ల కిందట ఆడిన పెద్దలు. వీళ్లే మన అసలు బాధ్యత. వీళ్ల ధ్రువపత్రాలు పెట్టెల్లో చెదలు తింటున్నాయి. ఫొటోలు పాలిపోతున్నాయి. వీళ్లకు పేజీ పెట్టడానికి ముందు వీళ్ల గురించి ఒక వ్యాసం, ఒక చిన్న పుస్తకం రావాలి.

మనిషికి పేజీ రానిచోట మరో దారి కూడా ఉంది. జట్టుకు, పోటీకి, క్రీడా పాఠశాలకు, ఊరికి ఉన్న పేజీలో ఆధారంతో ఒక వాక్యం చేర్చవచ్చు. 2002 మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచిన మహిళా హాకీ జట్టులో సుమ్‌రాయ్ టేటే, కాంతి బా, జ్యోతి సునీతా కుల్లూ ఉన్నారు. ఆ గెలుపు గురించి చదివే ప్రతివాళ్లకూ ఈ పేర్లు కనబడాలి. ఒంటరిగా నిలిచే ఒక్క వాక్యపు మొలకకన్నా, జట్టు కథలో తన చోట నిలిచిన పేరు బలంగా ఉంటుంది. మన ఆటలు కూడా గుంపు ఆటలే కదా.

ఒక జాగ్రత్త. మన బంధువు గురించి, మన శిష్యుడి గురించి మనమే పేజీ పెట్టకూడదు. అది పక్షపాతం కిందికి వస్తుంది. పేజీ ఉంటే దాని చర్చాపేజీలో, లేకపోతే రచ్చబండలో మన సంబంధం చెప్పి, ఆధారాలు అక్కడ పెట్టి, వేరొకరిని రాయమని అడగాలి. తెగ పేరు రాసేటప్పుడు ఆ మనిషి తానుగా చెప్పుకున్నదీ, ఆధారంలో ఉన్నదీ మాత్రమే రాయాలి. ఊహించి రాయకూడదు.

ఇప్పుడు మొదలుపెట్టగల పనులు

ప్రతి బడిలో ఒక క్రీడా రిజిస్టరు పెట్టుకుందాం. ఆడిన పోటీ, తేదీ, ఊరు, ఎదురు జట్టు, ఫలితం, ఆటగాళ్ల పూర్తి పేర్లు అన్నీ అదే రోజు రాయాలి. పత్రికలో వార్త వస్తే కత్తిరించి అంటించేటప్పుడు పత్రిక పేరు, తేదీ పక్కన రాయాలి. తేదీ లేని కత్తిరింపు పదేళ్ల తరవాత సగమే పనికొస్తుంది. విలేకరి వచ్చినప్పుడు ఇంటి పైకప్పు చూపించేముందు పిల్ల ఆట చూపించాలి. మనం తీసిన ఫొటోను, అందులోని మనిషి అనుమతితో, అందరూ వాడుకునేలా వికీమీడియా కామన్స్‌లో పెట్టవచ్చు. సెలవుల్లో పెద్ద తరగతి పిల్లలను పాత ఆటగాళ్ల దగ్గరికి పంపి వాళ్ల మాటలు రాయించవచ్చు. వాటిని సరిచూసి ఇలాంటి సంకలనాల్లో వేయడం మనలాంటి రచయితల పని.

ఉనారిమిన్ పేరు అతను ఆడిన కాలంలో ఎవరూ సరిగా రాయలేదు. తరవాతివాళ్లు వెతికి రాశారు. మన ఆటగాళ్లలో చాలామంది ఇంకా మన మధ్యే ఉన్నారు. వెతకడానికి వందేళ్లు ఆగనక్కర్లేదు, వాళ్ల ఇంటికి వెళ్లి అడిగితే చాలు. విజ్ఞాన సర్వస్వంలో పేజీ ఈ పనికి చివరి మెట్టు మాత్రమే. అడిగి, సరిచూసి, తేదీలతో రాసి, అచ్చు వేయడం మొదటి మెట్టు. ఆ మెట్టు కట్టడం మన చేతిలో ఉంది.